లియుజౌలో నా ఆకుపచ్చ నంబరు ప్లేటు

నా కారు ప్లేటు కోసం తెర మీద యాభై నంబర్లు పడ్డాయి. అందులో ఒకటి పట్టుకోవాలి. పక్కన నిలబడ్డ బ్రోకరు ఎనిమిదులు ఎక్కువున్నదాని మీద వేలు పెట్టి "ఇది నొక్కు, ఇది" అని తొందరపెడుతున్నాడు. చైనావాళ్లకి ఎనిమిదంటే డబ్బు, నాలుగంటే చావు. వాళ్ల భాషలో ఆ మాటలు అలా కలిసినట్టు వినిపిస్తాయి. నేనేమో పెదాలు కదుపుకుంటూ కూడికలు వేసుకుంటున్నాను. మా ఇంట్లో ఏ బండి కొన్నా నంబరు కూడితే తొమ్మిది రావాలి. మావయ్య పెట్టిన రూలు అది. యాభైలో నాలుగైదు దొరికాయి. వాటిలో ఒకదాని చివర 45 ఉంది. రాజమండ్రిలో మావయ్య తోలిన పాత షెవర్లే ఎంజాయ్ వ్యానుకీ చివర 45 ఉండేది. ఇంకేం ఆలోచిస్తాం, నొక్కేశాను. బ్రోకరు నా వంక జాలిగా చూశాడు. నాలుగు ఉన్న నంబరు తనంతట తానే ఎంచుకున్న మనిషిని అతను చూడటం అదే మొదటిసారేమో.

ప్లేటు ఆకుపచ్చది. అక్కడ పెట్రోలు కార్లకు నీలం ప్లేటు, ఏడు అక్షరాలు. బ్యాటరీ బండ్లకు ఆకుపచ్చ, ఎనిమిది అక్షరాలు. గ్వాంగ్‌షీ ప్రాంతానికి గుర్తుగా ఒక చైనా అక్షరం, లియుజౌ ఊరికి 'బి', పూర్తిగా కరెంటు బండి అని చెప్పే 'డి', ఆ తర్వాత నంబరు. ఆ ప్లేటు చేతికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కారు కొనడానికి పట్టింది రెండు గంటలే. మిగతాదంతా కాగితాలకే.

2023 మార్చిలో లియుజౌ వెళ్లాను. కారు సీట్ల లోపలి ఇనుప ఫ్రేములు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ పని, పూణే ఆఫీసు నుంచి రెండేళ్ల మీద పంపారు. చైనాకి దక్షిణాన, వియత్నాం సరిహద్దున్న గ్వాంగ్‌షీలో ఉంటుందా ఊరు. నది గుర్రపు నాడాలా ఊరిని చుట్టి పోతుంది, అపార్టుమెంట్ల మధ్యలోంచి సున్నపురాయి కొండలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఊరి గొప్ప వంటకం నత్తల పులుసులో వేసిన బియ్యం నూడుల్స్. పులియబెట్టిన వెదురు మొలకల వాసన వీధి చివరి నుంచే కొడుతుంది. నాతో వచ్చిన పూణే కుర్రాడు ముక్కు మూసుకుని పారిపోయాడు. గోదావరి జిల్లావాణ్ణి, నత్తలకి నేను భయపడతానా! రెండో వారానికి అలవాటైపోయింది.

అలవాటు కానిది ఆ ఊళ్లో తిరిగే చిన్న కరెంటు కారే. ఆ ఊరి కంపెనీ వూలింగ్ వాళ్ల హోంగ్‌గ్వాంగ్ మినీ. పొడవు పదడుగులు కూడా లేదు, సరిగ్గా చెప్పాలంటే 2917 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. చిన్న ఫ్రిజ్‌ని పడుకోబెట్టి చక్రాలు తగిలించినట్టుంటుంది. గులాబీ రంగువి, పిల్లి బొమ్మలు అంటించినవి, నెత్తిన రెండు చెవులు పెట్టినవి. సీట్ల ఫ్రేములు చేసే ఇంజనీరుని కదా, మొదట్లో వాటిని చూసి నవ్వుకునేవాణ్ణి. జూన్ వచ్చి వానలు మొదలయ్యాక నవ్వు ఆగింది. నా గది నుంచి ఫ్యాక్టరీకి తొమ్మిది కిలోమీటర్లు. రెండు బస్సులు మారి, తడిసి, యాభై నిమిషాలకు చేరేవాణ్ణి. మా లైన్ సూపర్‌వైజర్ ఆ గులాబీ ఫ్రిజ్‌లోంచి పొడి బట్టలతో దిగేవాడు.

ఆయన్ని అందరూ షిఫు అనేవాళ్లు. డ్రైవర్నీ మెకానిక్కునీ మనం 'గురూ' అన్నట్టు. ఊరికీ ఆ కంపెనీకీ ఉన్న బంధం ఆయన నోట వింటేనే నాకు తెలిసింది. 1958లో ఇంజన్ల ఫ్యాక్టరీగా మొదలై, ట్రాక్టర్లు చేసి, ఆ గిరాకీ తగ్గిపోయాక 1980ల మొదట్లో మిత్సుబిషి చిన్న ట్రక్కు ఒకటి చూసి, విప్పి, అలాంటిదే తయారు చేయడం నేర్చుకున్నారు. మిత్సుబిషి అనే పేరు రాసే అక్షరాలకి మూడు వజ్రాకారాలని అర్థం. వూలింగ్ అంటే ఐదు. కావాలనే పెట్టారా అని అడిగితే షిఫు నవ్వి ఊరుకున్నాడు. 2002లో షాంఘై కార్ల కంపెనీ సాయిక్, అమెరికా కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) వచ్చి చేరాయి. అప్పటి నుంచి ఆ కంపెనీ చిన్న వ్యాన్లు చైనా పల్లెల్లో తిరగని దారి లేదు. పందుల్ని మోసేది అదే, పెళ్లికూతుర్ని తెచ్చేది అదే. 2020 ఫిబ్రవరిలో కరోనాకి మాస్కులు దొరక్కపోతే ఆ కంపెనీ మాస్కులు కూడా చేసింది. "జనానికి ఏం కావాలో వూలింగ్ అది చేస్తుంది" అన్న నినాదం అప్పటిదే. షిఫు ఇంట్లో ఆ మాస్కుల డబ్బా ఇంకా దాచి ఉంది.

చిన్న కరెంటు కార్ల సంగతి 2017లో మొదలైంది. వూలింగ్ వాళ్లదే బావోజున్ ఈ100 అనే రెండు సీట్ల బండి తెచ్చి, ఊరి ప్రభుత్వమూ కంపెనీ కలిసి జనానికి ఉచితంగా తోలుకోమని నెలల తరబడి ఇచ్చారట. షిఫు భార్య కూడా తెచ్చుకుంది. ఊరికే ఇచ్చి వదిలేయలేదు. ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పమన్నారు. పార్కింగు లేదని జనం చెప్పారు, చార్జింగు లేదని చెప్పారు. మామూలు కారు పట్టని మూలల్లో, చెట్ల మధ్య, ఫుట్‌పాత్ అంచుల్లో చిన్న చిన్న గళ్లు గీసి, పక్కన మూడు పిన్నుల ప్లగ్గులు బిగించారు. ఊరంతా ఇప్పటికీ ఆ గళ్లు కనిపిస్తాయి. మన ఊళ్లలో బండి ముందు వస్తుంది, చోటు కోసం గొడవ తర్వాత వస్తుంది. ఇక్కడ చోటు వచ్చాకే బండ్లు నిండాయి. నాలుగు సీట్ల హోంగ్‌గ్వాంగ్ మినీ 2020 జులైలో వచ్చింది. మొదటి ధర 28,800 యువాన్లు, ఆ ధరకి ఏసీ లేదు. మూడేళ్లు తిరక్కుండా పది లక్షల బండ్లు దాటాయి.

సరే, నాకూ ఒకటి కావాలి. సెకండ్ హ్యాండ్ అయితే చాలు. ముందు లైసెన్సు.

మన లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు. నివాస పర్మిట్ ఉన్న విదేశీయుడికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. సొంత దేశపు లైసెన్సు ఉంటే రోడ్డు టెస్టు అక్కర్లేదు, కంప్యూటర్ మీద రాత పరీక్ష పాసైతే చాలు. లైసెన్సుకి చైనా భాషలో అనువాదం కావాలి, గుర్తింపు ఉన్న ఆఫీసు ముద్రతో. మొదటి ఆఫీసువాళ్లు రెండు రోజులు పెట్టుకుని తిరిగి పంపేశారు. నా ఆంధ్రా లైసెన్సు మీద ఇంటిపేరుకి పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, దాని తర్వాత మూడు ముక్కల పేరు. "వీళ్లిద్దరూ ఒకరే అని మాకేం తెలుసు?" అని అడిగింది అక్కడి అమ్మాయి. న్యాయమైన ప్రశ్నే. తాతయ్య నుంచి మా ఇంట్లో అందరం పొడి అక్షరంతోనే బతికాం, ఎవరూ అడగలేదు. రెండో ఆఫీసులో ఒక పెద్దాయన పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఇంటిపేరు పూర్తిగా రాసి, పాస్‌పోర్టు ప్రకారం అని కింద ఒక ముక్క చేర్చి ముద్ర కొట్టాడు. మీలో ఎవరైనా చైనా వెళ్లేవాళ్లుంటే ఇండియాలో ఉండగానే లైసెన్సు మీద పేరు సరిచేయించుకోండి. తర్వాత వాహనాల ఆఫీసు కంప్యూటర్‌లో నా పేరు మొత్తం పట్టక ఇంకో పంచాయతీ అయింది గానీ, అది చెప్తే ఇక్కడే తెల్లారుతుంది.

రాత పరీక్షకి వంద ప్రశ్నలు, నలభై ఐదు నిమిషాలు. తొంభై వస్తేనే పాసు. ఇంగ్లీషులో రాయొచ్చు కానీ, ఆ ఇంగ్లీషు చైనా భాషలోంచి దొర్లుకుంటూ వచ్చిన ఇంగ్లీషు. పోలీసు చెయ్యి ఎటు తిప్పితే ఏమిటి, పొగమంచులో ఏ దీపం, తాగి తోలితే ఎన్ని పాయింట్లు పోతాయి. ఏడాదికి పన్నెండు పాయింట్లు ఉంటాయి, అవి అయిపోతే మళ్లీ బడికి. ప్రమాదంలో పేగులు బయటికి వచ్చిన మనిషిని ఏం చేయాలి అనే ప్రశ్న కూడా ఉంది. లోపలికి తోయకూడదు, గిన్నెలాంటిది బోర్లించి కప్పాలట. ఇరవై ఏళ్ల వయసులో అమలాపురంలో లైసెన్సు తీసుకున్నప్పుడు నన్ను ఎనిమిది ఆకారంలో తిప్పమన్నారు, అంతే. మొదటిసారి 87 వచ్చింది. ఒక్కో అపాయింట్‌మెంటుకి రెండు ప్రయత్నాలు ఉంటాయి కాబట్టి చెమట తుడుచుకుని అక్కడే మళ్లీ కూర్చున్నాను. 94. కళ్లు, రంగులు గుర్తుపట్టడం లాంటి వైద్య పరీక్ష అంతకు ముందే అయిపోయింది. లైసెన్సు మధ్యాహ్నానికి చేతిలో ఉంది. ఆ వేగం చూస్తే, ముందు పోయిన ఆరు వారాల మీద కోపం కూడా రాలేదు.

ఇక బండి. ఊరి చివర సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో వరసగా మినీలే. షిఫు ఆ రోజు రాలేకపోయాడు. నేను ఫోన్లో వీడియో కాల్ పెట్టి మావయ్యని వెంట తీసుకెళ్లాను. మావయ్య ఇరవై ఏళ్లు టాక్సీలు తిప్పిన మనిషి. కరెంటు బండి తెలియకపోవచ్చు, అమ్మేవాడి మొహం తెలుసు.

మొదట చూపించింది లేత ఆకుపచ్చ బండి. మెరిసిపోతోంది, ధర కూడా తక్కువే. ఎందుకో లోపల అగరొత్తుల వాసన.

"ఒరేయ్ అబ్బాయ్, సీటు బెల్టు చివరిదాకా లాగు" అన్నాడు మావయ్య.

"దేనికి మావయ్యా?"

"లాగరా ముందు."

లాగాను. బెల్టు మొదటి రెండడుగులు కొత్తగా, నల్లగా ఉంది. ఇంకా లాగితే చుట్టలోంచి బయటికొచ్చిన చివరి భాగం మీద గోధుమ రంగు గీత. దాని కింద నేత సందుల్లో ఎండిన సన్న మన్ను. గోరుతో గీకితే పొడిగా రాలింది. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాను.

"వరద బండిరా అది. గోదావరి వచ్చిన ప్రతి ఏడూ మా షెడ్డుకి అలాంటివి వచ్చేవి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు. బెల్టు చుట్ట లోపల ఎవడూ కడగడు. పద అవతలికి."

లియుజౌలో కూడా వానాకాలం నది పొంగుతుంది. అమ్మేవాడికి మావయ్య మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ, ఆయన వేలు ఎటు చూపిస్తోందో అర్థమైంది. గమ్మున బండి తలుపు వేసి, ఏమీ జరగనట్టు సిగరెట్టు ఇవ్వబోయాడు.

పక్క వరసకి నడుస్తుంటే ఫోన్లోంచి ఒక్క కేక. "ఆగు ఆగు! వెనక్కి తిప్పు. అది మన ఎంజాయ్ కదరా!"

తిప్పాను. ఏడు సీట్ల బూడిద రంగు వ్యాను, నెత్తిన కూరగాయల బుట్టలు. ముక్కు మీద వూలింగ్ ఎర్ర గుర్తు. నిజమే, ఆ నడుము గీత, ఆ వెనక తలుపు, అచ్చం అదే. చైనాలో దాని పేరు వూలింగ్ హోంగ్‌గ్వాంగ్, 2010లో వచ్చింది. అదే బండిని జీఎం 2013లో మన దేశంలో షెవర్లే ఎంజాయ్ అని అమ్మింది, గుజరాత్‌లోని హాలోల్‌లో తయారు చేసి. షెవర్లే 2017 చివర ఇండియాలో అమ్మకాలు ఆపేశాక మావయ్య ఆ బండిని బేరానికి పెట్టి వదిలించుకున్నాడు. అన్నవరం, తిరుపతి, శబరిమల అన్నీ ఆ బండి మీదే చూశాం మేము. అమెరికా బండి అని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అదీ సంగతి. పోన్లే, ఇంజన్ మాత్రం బాగా లాగేది" అన్నాడు.

చివరికి తెల్లరంగు మినీ ఒకటి నచ్చింది. 2020 నాటిది, ఏసీ ఉన్నది, 9.2 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ, కంపెనీ లెక్కలో 120 కిలోమీటర్లు. బెల్టు చుట్ట చివరిదాకా నల్లగానే ఉంది. 18 వేల యువాన్లు, మన డబ్బులో రెండు లక్షల పైచిలుకు. మావయ్య అడిగిన చివరి ప్రశ్న మీరు ఊహించిందే. "మైలేజీ ఎంతిస్తుందిరా?" లీటరు లెక్క కాదని చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. వంద కిలోమీటర్లకి సుమారు అయిదు యువాన్ల కరెంటు అంటే, మావయ్య నమ్మలేదు.

పేరు మార్పు రోజు పొద్దున్నే వెళ్లాం. అమ్మినవాడు, నేను, బ్రోకరు, బండి, అందరం ఒకచోట ఉండాలి. బండి గుర్తింపు నంబరు సరిపోయిందో లేదో చూశారు, ఫోటో తీశారు, బండి పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉండే ఆకుపచ్చ పుస్తకంలో నా పేరు ఎక్కించారు. నేను ఎక్కడ ఉంటున్నానో పోలీస్ స్టేషన్ ఇచ్చిన కాగితం అడిగారు. దాని గడువు రెండు రోజుల ముందే అయిపోయింది. వెనక్కి పరిగెత్తి, గది ఓనర్ ఆవిడని బతిమాలి, స్టేషన్‌కి తీసుకెళ్లి, సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ క్యూలో నిలబడ్డాను. తప్పనిసరి ఇన్సూరెన్సు 950 యువాన్లు, ఎవరికైనా మొదటి ఏడాది అంతే. దాని మీద ఎదుటివాళ్లకి నష్టం జరిగితే ఇచ్చే పాలసీ ఇంకొకటి తీసుకున్నాను. ఆ తర్వాతే ఆ యాభై నంబర్ల తెర. ప్లేటు కొరియర్‌లో వచ్చేదాకా అద్దం లోపల కాగితం నంబరు అంటించుకుని తిరిగాను.

మొదటి ఉదయం గేటు దాటగానే ఎడమ పక్కకి వెళ్లిపోయాను. ఎదురుగా యాభై కరెంటు స్కూటర్లు! వాళ్లు హారన్ కూడా కొట్టలేదు, నీళ్లు రాయిని చుట్టుకుపోయినట్టు నా చుట్టూ పోయారు. ఆ సిగ్గుతోనే మూడు రోజుల్లో కుడిపక్క అలవాటైంది.

చార్జింగు పెట్టే చోటు బండి ముక్కు మీదే ఉంటుంది. వూలింగ్ గుర్తున్న చిన్న మూత ఎత్తితే అక్కడ. గదికి తీసుకెళ్లే బరువైన వైరు ఒకటి ఇస్తారు, ఇంట్లో వాడే 220 వోల్టుల ప్లగ్గు చాలు. పూర్తిగా నిండటానికి ఆరున్నర గంటలు. నేనుండేది ఆరో అంతస్తు. కొంతమంది కిటికీలోంచి వైరు వేలాడదీస్తారు, అది నిషేధం, ప్రమాదం కూడా. నేను సంత వెనక గళ్లలో ఒకటి చూసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి పెడితే పొద్దున్నకి నిండుతుంది. అక్కడ కూరలమ్మే ఒక అవ్వ, ఎవరి బండి నిండిందో చూసి ఫోన్ చేసేది. ఆవిడకీ ఒక మినీ ఉంది. వెనక సీట్లు పడేసి, ముల్లంగి, పాలకూర, పైన ఒక తూకం యంత్రం. వెనక సీట్లు మడిస్తే 741 లీటర్ల చోటు వస్తుందని కాగితం మీద చదివాను. అందులో ఎన్ని ముల్లంగులు పడతాయో ఆవిడకే తెలుసు.

వృత్తి బుద్ధి పోదు కాబట్టి ఒక ఆదివారం డ్రైవర్ సీటు కింద తల పెట్టి చూశాను. అవసరానికి మించి ఒక్క ముక్క ఇనుము లేదు. పన్నెండు అంగుళాల చక్రాలు, 20 కిలోవాట్ల మోటారు, 665 కిలోల బరువు, అంటే మన పాత మారుతి 800 అంత. ఎంత తీసేస్తే ఇంకా కారే అవుతుందో లెక్కగట్టి అక్కడ ఆగారు. ఆ లెక్క నాకు నచ్చింది. ఒక్కటి మాత్రం తీసేయకుండా ఉండాల్సింది. 2020 బండికి ఎయిర్‌బ్యాగ్ లేదు. 2021లో వచ్చిన మోడల్‌లో డ్రైవర్‌కి పెట్టారు. అందుకే నేను ఊరు దాటి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కలేదు. గుయ్‌లిన్ కొండలు చూడటానికి కూడా రైల్లోనే వెళ్లాను. ఏసీ వేసుకుంటే 120 కాస్తా ఎనభై, తొంభై మధ్యకి దిగేది. రోజుకి పద్దెనిమిది తిరిగేవాడికి దాని గురించి టెన్షన్ ఏముంటుంది.

ఒక్కసారి ఇబ్బంది పడ్డాను, అది నా తప్పే. సంక్రాంతికి ఇంటికొచ్చి ఐదు వారాలకి తిరిగి వెళ్తే బండి కదల్లేదు. లోపల ఒక దీపం ఆర్పకుండా వెళ్లాను. పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది, దాన్ని మేల్కొలిపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడుకుంది. షిఫు తన బండి తెచ్చి, వైరు కలిపి, రెండు నిమిషాల్లో లేపాడు.

సంక్రాంతికి ఇంట్లో ఉన్న ఆ రోజుల్లోనే రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ దగ్గర ఎంజీ కామెట్ అనే చిన్న కరెంటు కారు ఒకటి ఆగి ఉంటే మావయ్య చుట్టూ తిరిగి చూశాడు. "ఇది నీ బండిలాగే ఉందేంటిరా?" చుట్టమే. వూలింగ్ 2022లో ఇండోనేషియాలో ఎయిర్ ఈవీ అని ఒకటి తెచ్చింది, బాలిలో జీ20 సభలకి కూడా వాటిని వాడారు. 2023లో ఇక్కడ కామెట్‌గా వచ్చింది దాన్నుంచే. తయారయ్యేది మళ్లీ ఆ హాలోల్ ఫ్యాక్టరీలోనే, ఒకప్పుడు ఎంజాయ్ బయటికొచ్చిన చోట. మావయ్య బంపర్ మీద చెయ్యి వేసి, "చుట్టూ తిరిగి అక్కడికే వచ్చారన్నమాట" అన్నాడు. ఆయన వంగి చూసింది మాత్రం నంబరు. కూడితే నాలుగొచ్చింది, పెదవి విరిచాడు.

2025 ఫిబ్రవరిలో నా గడువు అయిపోయింది. బండిని కూరల అవ్వ మనవరాలు కొంది. మళ్లీ అదే ఆఫీసు, అదే క్యూ. ఈసారి అమ్మేవాడిని నేను. ఆ అమ్మాయి సీటు బెల్టు చివరిదాకా లాగి చూసింది. నేను చెప్పలేదు, అవ్వ చెప్పి ఉంటుంది. ప్లేటు విప్పి ఇచ్చేయాలన్నారు. గుర్తుగా ఉంచుకుంటానంటే కౌంటర్‌లో అతను తల అడ్డంగా ఊపాడు. ఇచ్చేముందు ఫోటో తీసి మావయ్యకి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఎంతకి పోయిందిరా?"

"పదకొండు వేల యువాన్లు."

"మన డబ్బులో చెప్పు."